శామీర్‌పేట చెరువులో కాలువ దోనె

మా వదినకు ఒక పడవ ఉంది. నగరంలో కాపురముండే నెలజీతాల వాళ్ల ఇంట్లో స్కూటరు ఉంటుంది, కుట్టుమిషను ఉంటుంది, మహా అయితే మేడ మీద నాలుగు గులాబీ కుండీలు ఉంటాయి. పడవ ఉన్న ఇల్లు నాకు తెలిసి మా అన్నయ్యదొక్కటే. ఈ సంగతి ఆఫీసులో చెబితే ఒక్కరూ నమ్మలేదు. "గుండ్లపోచంపల్లిలో పడవేంటి సుజాతా, అక్కడ మంచినీళ్ల ట్యాంకరే వారానికోసారి వస్తుంది" అని మా సూపరింటెండెంటు గారు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అందుకే వానలు మొదలయ్యాక వదిన ఫోన్ చేసి "ఆదివారం శామీర్‌పేటలో దోనె తేలుస్తున్నాం, వస్తావా అమ్మాయ్?" అనగానే, రీలు కెమెరా సంచిలో పడేసుకుని శనివారం సాయంత్రమే అల్వాల్ నుంచి వాళ్లింటికి చేరాను. నగరానికి దగ్గర్లో, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగేలా, నీళ్లున్న చోటేదైనా ఉందా అని వెతుక్కునేవాళ్లకు కూడా పనికొస్తుందని ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ దోనె సంగతి చెప్పాలి. వదిన సత్యవతిది గోదావరి కాలువ గట్టున ఉన్న ఊరు. వాళ్ల నాన్నగారికి పెద్ద సరుకు పడవ ఉండేది. ధాన్యం, కొబ్బరికాయలు, ఇటుక అన్నీ దాని మీదే ఊళ్లు దాటేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడు కట్టి లాగేవారు. పెద్ద పడవ వెనకాల గట్టుకు వెళ్లి రావడానికి చిన్న దోనె ఒకటి కట్టి ఉండేది. వదిన చిన్నతనమంతా ఆ దోనెలోనే గడిచింది. తొంభైలలో రోడ్లు బాగుపడి సరుకంతా లారీలెక్కేసరికి పెద్ద పడవకు పని లేకుండా పోయింది, కలప కింద అమ్మేశారు. నాన్నగారు పోయాక అన్నదమ్ములు కూర్చుని "అక్కా, నీకేం కావాలో చెప్పు" అంటే, పొలమూ వద్దు, బంగారమూ వద్దు, దోనె ఇవ్వమంది. ఆ క్షణంలో మా అన్నయ్య ముఖం చూడాల్సిందే గానీ చెబితే సరిపోదు. కొన్నేళ్లు అది వాళ్ల పొలంలోని మడుగులోనే ఉంది. తమ్ముడు ఆ మడుగు పూడ్చి ఇల్లు కట్టుకుంటాననేసరికి, మా ఈ ప్రయాణానికి ముందటేడు శామీర్‌పేట చెరువు బాగా నిండిందని విని, కొబ్బరికాయల లారీ మీద ఇక్కడికి తెప్పించుకుంది.

నాది గుంటూరు మెట్ట ప్రాంతం. మిరప చేలూ బోరుబావులూ తప్ప నాకు నీళ్ల భాష తెలియదు. పడవ సంపాదించుకోవడం ఒక్క రోజు పనీ, దాన్ని బతికించుకోవడం ఏడాది పొడవునా పనీ అని వదినను చూశాకే తెలిసింది. టేకు పలకలు తడికి ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకుంటేనే లోపలికి నీళ్లు రావు. ఎండ తగిలితే కుదించుకుపోతాయి, సందులు పడతాయి. ఏటా ఒకసారి నీడపట్టున పెట్టి పాచి గీకాలి. సందుల్లో పాత నార పీకేసి, గుగ్గిలం నూనెలో మరిగించి, కొత్త నార అందులో ముంచి సుత్తితో దట్టించాలి. పైన చేపనూనె పూయాలి. ఇక వేసవిలో కాలువకు నీళ్లు ఆపేసే రోజులు రాగానే, వాళ్ల నాన్నగారు చేసే పని వింటే నాకు మతి పోయింది. లోతు మిగిలే మడుగు చూసి, దోనె నిండా నీళ్లు నింపి, చెక్క కదా ఊరికే మునగదు కాబట్టి రాళ్లు కూడా వేసి, కావాలనే ముంచేసేవారట. నీళ్ల అడుగున దానికి ఎండ తగలదు, చెక్క బీటలు వారదు. వానలొచ్చాక రాళ్లు తీసేస్తే తనంతట తానే పైకి తేలుతుంది. ఆ పనిని వదిన "వేసవంతా దోనెను నిద్రపుచ్చడం" అంటుంది.

శామీర్‌పేటలో దోనెను చూసుకునేది ఎల్లయ్య. ఆ చెరువులో చేపలు పట్టే మనిషి, అరవై దగ్గర పడిన వయసు. ఒప్పందం సులువైనది. అతను కాపలా చూస్తాడు, వలలు వేయడానికి దోనె వాడుకుంటాడు. వదిన వీలైన ఆదివారాల్లో వచ్చి గెడ పట్టుకుని చెరువంతా తిరిగి వెళ్తుంది. వానాకాలం, చలికాలం బాగానే గడిచాయి. మార్చి నెలాఖరులో వదిన, అన్నయ్య వెళ్లి, తూము పక్కన లోతున్న చోట దోనెను ముంచి వచ్చారు. ఆ రోజు ఎల్లయ్య కూతురి ఊరికి వెళ్లాడట. చెప్పి రావాలన్న ఆలోచన వదినకు రానేలేదు. వేసవిలో దోనె ముంచారంటే వాళ్ల ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. ఆ తర్వాత ఇంటికి వేసవి చుట్టాలు, అన్నయ్యకు కంపెనీలో నైట్ షిఫ్టులు. మళ్లీ వెళ్లడం ఇదే.

ఆదివారం పొద్దున్నే టిఫిను చేయకుండా బయల్దేరాం. ఆలస్యమైతే ఎండెక్కుతుందని వదిన తొందర. గుండ్లపోచంపల్లి దగ్గర హైవే మీద నిలబడితే మేడ్చల్ వైపు సెవెన్ సీటర్ ఆటోలు వస్తూనే ఉంటాయి, మనిషికి ఐదారు రూపాయలు. ఏడుగురు అని పేరే గానీ పన్నెండు మందికి తక్కువ ఎక్కించరు. మా దగ్గర రెండు సంచులు, ఒక డబ్బా ఉన్నాయి. గుగ్గిలం, నార, సుత్తి సంచుల్లో ఉన్నాయి. డబ్బాలో చేపనూనె ఉంది. ఆటో కదిలి రెండు నిమిషాలు కాకముందే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఏం పట్కొచ్చిండ్రక్కా గా డబ్బల? పానం పోతాంది" అన్నాడు డ్రైవరు వెనక్కి తిరక్కుండానే.

"చేపనూనె బాబూ. పడవకి" అంది వదిన, ఇంటికి పప్పునూనె తీసుకెళ్తున్నంత మామూలుగా.

"పడవనా? మేడ్చల్ల పడవేందక్కా, ట్రాఫిక్‌ల నడుపుతవా?" అన్నాడు. ఆటో అంతా నవ్వింది. వదిన కూడా నవ్వింది గానీ డబ్బా మాత్రం ఒళ్లోంచి దించలేదు. మూత సరిగ్గా బిగించనిది మా అన్నయ్య. ఆ సంగతి ఇంటికొచ్చేదాకా ఒప్పుకోలేదు.

మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఇడ్లీలు బాగుంటాయి, పల్లీల చట్నీ కారంగా ఉంటుంది. అక్కడ తిని, శామీర్‌పేట వైపు వెళ్లే ఇంకో ఆటో పట్టుకున్నాం. ఈ అడ్డరోడ్డు గురించి చాలామందికి తెలియదు. అందరూ సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ రోడ్డు మీదుగానే వెళ్తారు. కానీ కొంపల్లి, మేడ్చల్ వైపు ఉండేవాళ్లకు ఇదే దగ్గర. పందిళ్ల మీద ద్రాక్ష తోటలు, మధ్య మధ్య కోళ్ల ఫారాలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న బండరాళ్లు. తొలి వానలకు ఆ రాళ్ల మధ్య పచ్చిక మొలిచి, దారంతా కళ్లకు హాయిగా ఉంది. రోడ్డు మాత్రం గుంతలమయం. అరగంట ప్రయాణం ముప్పావుగంట పట్టింది. నా నడుము సంగతి మీకెందుకులెండి.

శామీర్‌పేట చెరువును నేను అంతకుముందు బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దగ్గరగా చూసింది లేదు. కట్ట ఎక్కి నిలబడగానే నా చెయ్యి కెమెరా సంచిలోకి వెళ్లింది. ఇటు రాతి కట్ట, అటు దూరంగా గుట్టలు, మధ్యలో అంత నీరు, దాని మీద నుంచి చల్లటి గాలి. వేసవికి బాగా తగ్గినా అదింకా పెద్ద చెరువే. కొంగలు అంచున బురదలో తీరిగ్గా నడుస్తున్నాయి. నేను ఫోటోలు తీస్తూ ఉండిపోయాను. వదిన, అన్నయ్య నేరుగా తూము పక్కకు దిగిపోయారు.

కాసేపటికి వాళ్ల వాలకం చూసి నాకూ అనుమానం వచ్చింది. అన్నయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలో దిగి, కర్రతో అడుగంతా పొడుస్తున్నాడు. వదిన గట్టున నిలబడి "ఇంకాస్త ఎడమకండీ… కాదు కాదు, ఇటు" అంటోంది. అన్నయ్య నడుము లోతుకు వెళ్లి, నలుమూలలా వెతికి, వట్టి చేతులతో నిలబడ్డాడు. దోనె లేదు. ఎవరో ఎత్తుకుపోయారనే ముగ్గురం అనుకున్నాం.

"ఏడ దేవులాడుతున్నరు సారూ? గాడ లేదు!" అని కట్ట మీద నుంచి కేక వినిపించింది. ఎల్లయ్య. తలపాగా సవరించుకుంటూ గబగబా దిగి వస్తున్నాడు. "పరేషాన్ గాకు బిడ్డా. నీ దోనె నా కాడ ఉన్నది. నేనున్నంక దానికేమైతది? రా, సూద్దువు రా."

వదిన అతని వెనకాలే దాదాపు పరిగెత్తింది. మేమూ నడిచాం.

ఎల్లయ్య ఇంటి ముందు, ఆరుబయట, నాలుగు బండల మీద దోనె బోర్లించి ఉంది. దాని కింది భాగమంతా నల్లగా తారు పూసి ఉంది. ముక్కుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎండిన బంతిపూల దండ వేసి ఉంది. పక్కనే అతని పుట్టి కూడా అలాగే బోర్లా పడి ఉంది. వెదురుతో అల్లి పైన తారు గుడ్డ కప్పిన గుండ్రటి తెప్ప అది. రెండింటికీ ఒకే మర్యాద జరిగిందన్నమాట. ఎల్లయ్య దోనె మీద చెయ్యి వేసి, ఎంత సంతోషంగా చెప్పడం మొదలుపెట్టాడో!

"మా బిడ్డ ఊరికెళ్లి ఒచ్చి సూస్తి, దోనె లేదు. పానం ధడేల్‌మన్నది. మునిగి దేవులాడితె తూము పక్క అడుగుల దొరికింది. ఉత్తగ మునగలే బిడ్డా, ఎవడో పగతోని రాళ్లేసి ముంచిండు! నలుగుర్ని పిల్సి, తాళ్లు కట్టి, పొద్దంత గుంజితె ఒడ్డుకొచ్చింది. గప్పటిసంది గిట్ల బోర్లేసి మంచిగ ఎండవెట్టిన. రోడ్డు పనోళ్లను బతిమాలి తారు తెచ్చి పూసిన. గీ ఎండకాలమంత దీని పక్కన్నే మంచమేసుకొని పన్న. మళ్ల ముట్టనిస్తనా ఎవన్ని?"

పుట్టి అయితే అంతే చేయాలి. నీళ్లలో ఉంచేస్తే వెదురు మురిగిపోతుంది. తీసి, బోర్లించి, ఎండబెడితేనే బతుకుతుంది. అతనికి తెలిసిన ప్రేమంతా ఆ దోనెకు పెట్టాడు. మూడు నెలల శామీర్‌పేట ఎండతో సహా.

మా వదినకు కోపం జాస్తి. కూరగాయల బండివాడు పుచ్చు వంకాయ వేస్తే కాలనీ అంతా వినబడుతుంది. అన్నయ్య రెండడుగులు వెనక్కి వేయడం నేను చూశాను. వదిన వంగి దోనె కిందికి తల పెట్టి, లోపలి నుంచి పైకి చూసింది. నేనూ చూశాను. పలకల మధ్య నుంచి వెలుతురు చారలు చారలుగా లోపలికి పడుతోంది. తారు కూడా సందుల దగ్గర పగిలిపోయి ఉంది. ఒక సందులో వదిన చూపుడు వేలు సగం దాకా దూరింది. ఆమె అరచేత్తో ఒక్కొక్క పలకనూ మెల్లగా తడుముకుంటూ వెళ్లి, చుక్కాని వైపు చివర ఆగింది. అక్కడ ఒక పలక నిలువునా నెర్రె విచ్చి ఉంది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు ఎల్లయ్య.

వదిన లేచి నిలబడింది. "నువ్వు లేకపోతే ఎవరు చూస్తారు బాబాయ్, ఇంతలా" అంది. ఆ మాట అబద్ధం కాదు గానీ, అందులో చెప్పనిది ఎంత ఉందో నాకు తెలుసు.

ఎల్లయ్య భార్య నర్సమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి అన్నం తినకుండా కదలనివ్వనంది. చింతపండు పులుసులో కొరమీను ముక్కలు, పైన మెంతిపొడి, పక్కన వేడి వేడి జొన్నరొట్టె. కారం నషాళానికి అంటింది, గుంటూరుదాన్ని నేనే రెండుసార్లు మంచినీళ్లు అడిగాను. ఇంత రుచిగల చేపల పులుసు నేను ఏ హోటల్లోనూ తినలేదు. వదిన మాత్రం ముద్ద కలుపుతూనే ఉంది, తినడం లేదు. చేతులు కడుక్కునే వంకతో ఇంటి వెనక్కి వెళ్తే నేనూ వెళ్లాను.

"ఇప్పుడేం చేద్దాం వదినా? మనం తెచ్చిన నార దట్టించేస్తే సరిపోదా?" అన్నాను.

"సరిపోదు. ఎండిన సందులో నార దట్టిస్తే, రేపు చెక్క ఉబ్బినప్పుడు చోటు చాలక మేకులనే పీకేస్తుంది. దానికి ఇప్పుడు నీళ్లొక్కటే మందు. మళ్లీ ముంచాలి. ముంచినా ఆ నెర్రె విచ్చిన పలక అతుక్కుంటుందో, ఇంకా చీలుతుందో తెలియదు. చీలిందంటే అది పొయ్యిలోకే." వదిన కళ్ల నిండా నీళ్లు. "మా నాన్నది అదొక్కటే మిగిలింది సుజాతా. అయినా ఎల్లయ్య బాబాయ్‌కి ఎలా చెప్పను? ఎండాకాలమంతా దాని పక్కన పడుకున్నాడే. ఈ రోజుకి ఏదో ఒకటి చెప్పి ఊరుకుని, ఇంకో రోజు ఆయన లేనప్పుడు వచ్చి ముంచేద్దాం."

నాకూ అదే సబబనిపించింది. ఇంతలో నర్సమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. మేము మాట్లాడుకున్నది ఆమె వినలేదు. ఆమె గుండెలో ఇంకో బరువుంది, ఆడవాళ్లం దొరికామని చెప్పుకుంది.

"నీ దోనె సంది మా ఇంట్ల మస్తు లొల్లయింది బిడ్డా. రాళ్లేసి ముంచింది నా తమ్ముడు కొమురయ్యేనని మా ఆయన అనుమానం. ఒకనాడు దోనె అడిగితె ఈయన ఇయ్యలే, గందుకే పగవట్టిండని. వాడు అవ్వ మీద ఒట్టేసిండు, ఈయన ఇనలే. మూడు నెలలాయె, ఇద్దరికీ మాటల్లేవు. నా తమ్ముడు నా గడప తొక్కుతలేడు. ఒక్క చెరువుల వల ఏస్తరు, ఒగలు ఇటు, ఒగలు అటు. నేనెటు జూడాలె సెప్పు?"

వదిన చెంబు కింద పెట్టేసింది. ఊరుకుందామన్న దారి మూసుకుపోయింది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపి, కొంగు నడుముకు దోపుకుని, నేరుగా వాకిట్లోకి వెళ్లింది.

"బాబాయ్, పద. దోనె నీళ్లలోకి దించుదాం."

ఎల్లయ్యకు పండగే అయింది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి మనుషుల్ని కేకేశాడు. దోనెను తిరగేసి, భుజాల మీదికెత్తి, అరుచుకుంటూ చెరువు దాకా మోశారు. నర్సమ్మ కొబ్బరికాయ కొట్టింది. కొమురయ్య కూడా వచ్చాడు గానీ గుంపులో కలవలేదు, దూరంగా తూము మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్య నా చెవిలో "మునుగుతుందే అది" అన్నాడు. "తెలుసు, ఊరుకో" అన్నాను.

వదిన ఎక్కి కూర్చుని "నువ్వు కూడా రా బాబాయ్, ఇంకెవరూ వద్దు" అంది. ఎల్లయ్య గెడ, నీళ్లు తోడే సత్తు గిన్నె పుచ్చుకుని ఎక్కాడు. దోనెకు కట్టిన తాడు కొస పట్టుకుని నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను, అందుకే వాళ్ల మాటలు నాకు వినిపించాయి. గెడతో ఒక్క పోటు పొడిచాడో లేదో, సందులన్నిటి నుంచీ నీళ్లు లోపలికి ఉరికాయి. ఎల్లయ్య గెడ వదిలేసి, సత్తు గిన్నె పట్టుకుని, తోడి పోయడం మొదలుపెట్టాడు. పిచ్చిగా తోడుతున్నాడు. తోడినదానికి రెండింతలు వస్తోంది.

"జల్దీ దిగు బిడ్డా! మునుగుతాంది!"

వదిన అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "తోడకు బాబాయ్. తాగనీ. దానికి దాహంగా ఉంది."

అతను అర్థం కాక చూశాడు. నీళ్లు ఇద్దరి నడుముల దాకా వచ్చేశాయి. దోనె అంచుల దాకా నిండి, నీళ్లలో తేలీ తేలనట్టు ఊగుతోంది. వదిన చీర తడిసి ఒళ్లంతా ముద్దయింది, కదల్లేదు.

"పుట్టి ఎండితే బతుకుతుంది. ఇది తడిస్తే బతుకుతుంది. వేసవిలో మేం దీన్ని కావాలనే ముంచుతాం. మార్చిలో రాళ్లు వేసి ముంచింది నేనే బాబాయ్. నీకు చెప్పకుండా వెళ్లిపోయాను. తప్పు నాది. కొమురయ్యకు ఏ పాపమూ తెలియదు."

ఎల్లయ్య చేతిలో గిన్నె జారి నీళ్లలో పడిపోయింది. అతను ఒకసారి సందుల వైపు చూశాడు, నెర్రె విచ్చిన పలక వైపు చూశాడు. అతనికి అంతా తెలిసిపోయింది. "అయితె… నేను దీన్ని సంపుతున్ననా బిడ్డా? మూడు నెలల సంది?" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

"మా నాన్న దీన్ని ముప్పై ఏళ్లు చూసుకున్నాడు. ఒక్క రాత్రి కూడా దీని పక్కన పడుకోలేదు" అంది వదిన.

గట్టు మీద జనం గోలగోలగా "ఏమైంది, ఏమైంది" అంటున్నారు. ఎల్లయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. తర్వాత తూము వైపు తిరిగి, చెరువంతా వినబడేలా కేక వేశాడు.

"ఓ కొమురయ్యా! గాడ నిలవడి ఏం సూస్తవ్ రా? రా, రాళ్లు పట్కరా! దోనె ముంచాలె!"

నర్సమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుని తమ్ముడి వైపే చూస్తోంది. కొమురయ్య నెమ్మదిగా లుంగీ ఎగగట్టి, కట్ట వార నుంచి ఒక బండ ఎత్తుకుని, నీళ్లలోకి దిగాడు. బావ చేతికిచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఎల్లయ్యా అనలేదు. ఆ తర్వాత ఇంకోటి తెచ్చాడు, ఇంకోటి తెచ్చాడు. దోనె బుడగలు వదులుతూ మెల్లగా అడుగుకు చేరింది. ఒడ్డుకు వచ్చేటప్పుడు మాత్రం కొమురయ్య "గీ తారు కంపేంది బావా, దోనె అనుకున్నవా రోడ్డనుకున్నవా?" అన్నాడు. ముందు నవ్వింది ఎల్లయ్యే.

తిరుగు ప్రయాణానికి కరీంనగర్ రోడ్డు మీద సిటీ బస్సు ఎక్కాం. తుంకుంట, హకీంపేట, బొల్లారం మీదుగా అల్వాల్ గంటలోపే. సీట్లు దొరికాయి, కిటికీ పక్కన గాలి హాయిగా ఉంది, తడి బట్టలతో వదిన పక్కన కూర్చున్నందుకు నా చీర కూడా తడిసింది. వదిన దారంతా ఒక్క మాటే అంది: "ఆ పలక నిలిస్తే చాలు." ఆ రాత్రికి వాళ్లు మా ఇంట్లోనే ఉండి, పొద్దున్నే గుండ్లపోచంపల్లి వెళ్లారు.

పలక నిలిచింది. నెలాఖరులో బావా బామ్మర్దులే ఇద్దరూ దిగి రాళ్లు తీశారట. దోనె పైకి తేలింది. మేం వెళ్లి చూసేసరికి సందులన్నీ మూసుకుని ఉన్నాయి, ఆ నెర్రె సన్నగా ఒక గీతలా మిగిలింది. వదిన నీడలో కూర్చుని నార దట్టించింది, ఎల్లయ్య గుగ్గిలం మరిగించాడు, కొమురయ్య చేపనూనె పూశాడు. ఆ వాసనకు నేను మాత్రం దూరంగా నిలబడి ఫోటోలు తీశాను. వస్తువు ఎవరికి దక్కితే వాళ్లే దాని సొంతదారులని నేను అనుకునేదాన్ని. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఆ దోనె మా వదినది ఎంతో, తెలిసీ తెలియక దాని పక్కన ఒక వేసవంతా మంచం వేసుకున్న ఎల్లయ్యదీ అంతే. తప్పు చేసేంతగా ప్రేమించినవాడు, ఆ తప్పు తెలిసిన క్షణంలో తన గొంతుతోనే బామ్మర్దిని పిలిచాడు చూడండి, నాకైతే ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. వదినకు కూడా పెట్టాలి గానీ, పెడితే నెత్తినెక్కుతుంది.

మీరు శామీర్‌పేట వెళ్తే పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కాక కట్ట మీద నీడ ఉండదు. ఇంకొక్క మాట మరిచిపోవద్దు. వేసవిలో తూము పక్కన నీళ్ల అడుగున మునిగిపోయిన దోనె ఒకటి కనిపిస్తే, పాపమనిపించినా సరే, దాని జోలికి వెళ్లకండి. పోయిన ఏప్రిల్‌లో పిక్నిక్‌కు వచ్చిన కుర్రాళ్లెవరో జాలిపడి దాన్ని బయటికి లాగబోతే, ఎల్లయ్య కర్ర పట్టుకుని కట్ట దాకా తరిమాడట.